పాతూరి గడపలు

పెళ్ళయిన తొమ్మిదో రోజున మా అత్త నన్ను ఊరు చూపిస్తానని బయల్దేరదీసింది. తీరా చూపించింది మనుషులున్న ఊరు కాదు. నిడుగల్లు కొండకు ఈ పక్కన, మా ఇళ్ళకు అరమైలు దూరంలో, పైకప్పుల్లేని రాతి గోడలు నాలుగు వరసలుగా నిలబడి ఉండేవి. దాన్ని పాతూరు అనేవాళ్ళు. నేను మడకశిర వైపు నుంచి వచ్చినదాన్ని. సినిమా టెంటూ సంతా చూసి పెరిగిన పిల్లను. కొత్త కోడలికి చూపించడానికి వీళ్ళకు ఈ పాడుగోడలు తప్ప ఇంకేమీ లేవా అని లోపల్లోపల విసుక్కుంటూ ఆమె వెనకాల నడిచాను.

ఆమెది వేగం నడక. నోరు అంతకంటే వేగం. మొదటి వరసలో మసి పట్టిన గోడ దగ్గర ఆగి, "ఇది కమ్మరోళ్ళ ఇల్లు. ఆ మసి ఎన్నేండ్లదో, వానలకు గూడా పోలేదు సూడు" అంది. నాలుగడుగులు వేసి, నడిమధ్య అడ్డగోడ ఉన్న ఇల్లు చూపించింది. "ఈడ అన్నదమ్ములు కొట్లాడుకొని ఇల్లు పంచుకున్నారు. గోడ కట్టిన ఏడే ప్లేగు వచ్చె. ఇద్దరూ ఒకే పొద్దు, ఒకే బండెక్కి పరిగెత్తినారు. ఇంగ ఆ గోడ ఎందుకైనట్లు?" అని నవ్వింది. ఆ నవ్వు నాకూ అంటుకుంది. ఆ తర్వాత గొర్రెల దొడ్డి, ధాన్యం దాచుకునే పాతర గుంత, కోమటోళ్ళ అరుగు. ఒక్కో ఇంటి ముందూ నిలబడి, తాను పుట్టకముందే ఖాళీ అయిన ఊరిని, నిన్న మొన్న చూసివచ్చినట్టు చెప్పుకుపోయింది. ఇదంతా ఆమెకు వాళ్ళ అత్త చెప్పిందట, పెళ్ళయిన కొత్తల్లోనే.

మూడో వరసలో చివరిది మా ఇల్లు. గోడలు నా భుజాల దాకా ఉన్నాయి. గడప మాత్రం చెక్కుచెదరలేదు. నల్లరాతి బండ, నడిమధ్య కాళ్ళకు అరిగి పల్లమైంది. దాన్ని దాటబోతుంటే అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"ప్లేగప్పుడు గడ్డలు లేసినోళ్ళను ఇండ్లల్లోనే ఇడిసిపెట్టి, మిగిలినోళ్ళు చేన్లల్లో గుడిసెలేసుకున్నారు. మనింట్లో మా అత్తోళ్ళ అవ్వను ఇడిసిపెట్టినారు. ఆమె పాక్కుంటా వచ్చి, ఈ గడప మీద తల పెట్టి నీళ్ళు అడిగిందంట. గుడిసెల కాడికి ఇనపడతాండెనంట. మూడు దినాలు అడిగింది. ఎవురూ పోలేదు."

"మనవాళ్ళు కూడా పోలేదా?" అన్నాను.

"పోయింటే ఎవురూ మిగలరు. నువ్వు ఈ ఇంటికి కోడలుగా వచ్చేదానివీ గాదు" అంది, కొంచెం కోపంగానే.

అందుకని ఏటా తొలకరి పడ్డాక, శెనక్కాయ విత్తనానికి గొర్రు కట్టకముందు, ప్రతి ఇంటి ఆడమనిషీ చెంబుతో నీళ్ళు తెచ్చి ఎవరి పాత గడప మీద వాళ్ళు పోస్తారు. పోసేటప్పుడు మాట్లాడరు. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడరు. "నా తర్వాత పోసేది నువ్వే. బాగా గుర్తు పెట్టుకో, మూడో వరసలో కడాది" అని అప్పగింత చేసింది అత్త. నేను తలూపాను. నా మనసు కాళ్ళలో గుచ్చుకున్న పల్లేరుకాయల మీద ఉంది.

తర్వాత కరువు వచ్చింది. వచ్చింది అనడం తప్పేమో, మా దిక్కున అది ఎప్పుడూ పోలేదు. కాకపోతే ఆసారి వరసగా మూడేళ్ళు పట్టుకుంది. శెనక్కాయ పూత బాగా పూసేది. తీరా ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసేది. చెట్టు పీకితే లొట్ట కాయలు రెండో మూడో. మూడో ఏడు మా ఆయన గొర్రెలను తోలుకుని కాలవ నీళ్ళున్న సీమకు పోయాడు. ఇంట్లో అత్తా, నేనూ, రెండేళ్ళ కూతురూ మిగిలాం.

అప్పుడు కరువు పని పెట్టారు. మా ఊరి నుంచి పెద్ద దారి దాకా రోడ్డు. దానికి కంకర కొట్టాలి. అడుగు లేని చెక్కపెట్టె ఒకటి నేల మీద పెట్టి, దాన్నిండా కంకర నింపితే ఒక ఇంటికి వారం కొలత. పెట్టె నిండితేనే శనివారం జొన్నలు. మొదట కొండ అంచున బండలు పగలగొట్టారు. అవి మోసుకు రావడం కష్టమని మేస్త్రి, "ఆ పాత గోడలుండాయి గదప్పా, సిద్ధంగా" అన్నాడు. ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. గోడలు తీయొచ్చు, గడపలు ముట్టకూడదు అన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

నాలుగు నెలల్లో గోడలన్నీ కంకరైపోయాయి. కమ్మరి మసి పోయింది, అన్నదమ్ముల అడ్డగోడ పోయింది. చదునైన నేల మీద గడపలు మాత్రం వరసల్లో మిగిలాయి. విచిత్రమేమంటే, గోడలున్నప్పుడు నా బుర్రకెక్కని ఊరు అప్పుడు ఎక్కింది. సుత్తి పక్కన పెట్టి తలెత్తితే చాలు, ఏ గడప ఎవరిదో చెప్పగలిగేదాన్ని. ఆ ఊరంటే నాకు ఇష్టం కూడా ఏర్పడింది. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

రోజూ అత్తా నేనూ కలిసి కొట్టేవాళ్ళం. ఆ వారం ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. మంగళవారం నుంచి నేనొక్కదాన్నే. బొబ్బలు చితికి, గుడ్డపీలికలు చుట్టుకుని కొట్టినా, శనివారం పొద్దు వాలేసరికి పెట్టె జానెడు వెలితిగా ఉంది. మేస్త్రి చెడ్డవాడు కాదు. పెట్టెలో చూసి తల అడ్డంగా ఊపాడు. "నిండకపోతే నేను రాయలేనమ్మా. పైనోళ్ళు వచ్చి చూస్తారు. వచ్చే శనివారం చూద్దాం లే" అన్నాడు.

ఇంట్లో పిండి నిన్ననే అయిపోయింది. జ్వరం మనిషికి గంజి పోయాలి. పాప పొద్దున్నుంచి ఎవరింటి తలుపు దగ్గర నిలబడి ఉందో తెలియదు. చుట్టూ చూశాను. కొట్టదగిన రాయి ఒక్కటి లేదు. కొండ దాకా వెళ్ళి మోసుకు రావాలంటే పొద్దు చాలదు. మూడో వరస నేను కూర్చున్న చోటికి పది అడుగులే.

బండలు పగలగొట్టే మనిషిని పిలిచి చూపించాను. అతను సమ్మెట భుజాన పెట్టుకుని వచ్చి, చూసి, వెనక్కి తగ్గాడు.

"ఇది గడప గదమ్మా."

"మాదే" అన్నాను.

అతను నా మొహం వంక చూడకుండా మూడు దెబ్బలు వేశాడు. ముక్కలను నేనే కంకర చేశాను. మంచి రాయి, ఒక్కో దెబ్బకే విచ్చుకుంది. అప్పుడు నాకు భయం వేయలేదు, బాధ కలగలేదు. పొద్దు గూకేలోపల పెట్టె నిండాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ లేదు. నిండింది. మేస్త్రి రాసుకున్నాడు. జొన్నలు కొంగున మూటకట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

అత్త గోడకు చేరగిలబడి ఉంది. మామూలుగా పని నుంచి రాగానే ఆమె ప్రశ్నలు మొదలయ్యేవి. ఈ పొద్దు యాడ కొట్టిరి, ఎవురేమనిరి, మేస్త్రి ఏమనె. ఆ రోజు ఒక్క మాట అడగలేదు. జ్వరం నీరసమనుకుని ఊపిరి పీల్చుకున్నాను. గంజి ఇస్తే తాగింది. ఇంకొంచెం పోయమని గిన్నె చాచింది.

సోమవారం పక్కింటామె తన గడప దగ్గర సమ్మెట మనిషిని పిలిచి నిలబెట్టింది. నేను చూస్తుంటే, "నువ్వు తీసినావు గదా" అంది. ఆ గొంతులో నింద లేదు. నేను తీశాను కాబట్టి ఇక తీయొచ్చన్నట్టు అంది. వాళ్ళింట్లో నలుగురు పిల్లలు. ఆ తర్వాత ఇంకొకరు, ఆ వెనక మరొకరు. నెల తిరగకముందే పాతూరిలో గడపలు లేచిపోయిన పల్లాలు మిగిలాయి. ఎండాకాలం గాలికి అవీ దుమ్ముతో పూడిపోయాయి. పెద్దలు మళ్ళీ కూర్చోలేదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ జొన్నలే ఉడుకుతున్నాయి.

మరుసటేడు తొలకరి పడింది. పెద్ద వానేమీ కాదు గానీ గొర్రు కట్టేంత పదును అయింది. మా ఆయన ఉన్న కాసిని గొర్రెలతో తిరిగి వచ్చాడు. పొద్దున్నే ఆడవాళ్ళంతా చెంబులు పట్టుకుని పాతూరికి వచ్చారు, ఏటేటా వచ్చినట్టే. వచ్చి నిలబడిపోయారు. వరస ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఈ చోటు మాదంటే మాదని ఇద్దరు వాదించుకున్నారు. మాట్లాడకుండా చేయాల్సిన పని అది. ఒక ముసలామె నడుస్తూ నడుస్తూ నీళ్ళన్నీ ఒలికించుకుని, ఖాళీ చెంబుతో నేల మీద కూలబడి ఏడ్చింది. ఎవరో నా వైపు చూసి, "మొదులు పెట్టింది ఆమే గదా" అన్నారు.

అత్త పక్కన నిలబడి, "అత్తా, మన గడప తీసింది నేనే. అందరికంటే ముందు నేనే తీశాను" అన్నాను.

ఆమె చెంబులోకే చూస్తూ నిలబడింది. "తెల్సు" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవురు చెప్పల్ల? ఒక్కదానివే కొడతాంటివి. పెట్టె నిండదని నాకు తెల్దా? నువ్వు మూట ఇప్పుతాంటేనే తెల్సె. ఆ పొద్దు నిన్ను ఏమీ అడగలే నేను. అడిగింటే నువ్వు చెప్తాంటివి. చెప్పినాంక ఆ గంజి నాకు గొంతు దిగదు. నాకు బతకల్లని ఉండె మే. అవ్వ నీళ్ళడిగితే పోనోళ్ళను నేను ఎన్నేండ్లో తిట్టుకుంటి."

చెంబు నా చేతికిచ్చి ఆమె ఇంటిదారి పట్టింది. ఎక్కడ పోయాలో నాకు తెలియలేదు. నిండు చెంబుతోనే ఆమె వెనకాల వచ్చేశాను. మా ఆయన అప్పటికే ఎద్దులను కట్టి ఉన్నాడు. మధ్యాహ్నానికి విత్తనం వేయడం అయిపోయింది.