అచ్చులోని పిల్ల

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మేముండేది జమ్మలమడుగులో. నాయన ప్రొద్దుటూరు అంగట్లో గుమాస్తా. పొట్లాలు కట్టడానికి తెప్పించిన పాత కాగితాల్లోంచి ఒకరోజు నాకొక పిల్లల కథల పుస్తకం తెచ్చాడు.

అట్ట లేని ఆ పుస్తకంలోని పిల్లను చూసి బిత్తరపోయాను. వాళ్ల నాన్నకే ఎదురు చెప్పింది! బడి మానమన్నందుకు మిద్దెక్కి కూర్చుని, నిచ్చెన కూడా పైకి లాగేసుకుంది. మా ఇంట్లో నాయన దగ్గితే చాలు, అందరం గొంతు తగ్గించేవాళ్లం. ఆ మాటలు పైకి చదువుతూ వీధి వాకిలి వైపు చూసుకునేదాన్ని. అమ్మకు అక్షరం ముక్క రాదు. విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ వినేది. "ఆ పాప దిగిందా, ఇంకా ఆడనే ఉందా?" అని రోజూ అడిగేది.

చివరి కాగితం తిప్పి కొయ్యబారిపోయాను. ఆ పిల్ల దిగివచ్చి, నాన్న కాళ్ల మీద పడి, పలక అటకెక్కించి, వంటింట్లోకి పోయింది. అంత చేసి ఇంతేనా! నాకు ఒళ్లు మండింది.

"ఏంది మే, నిలిపేస్తివి? చదువు, వింటాండా" అంది అమ్మ.

"మరునాడు ఆ పిల్ల పలక పట్టుకుని బడికి వెళ్లింది" అని, లేనిది తడుముకోకుండా చదివేశాను.

అమ్మ ఒలిచే చెయ్యి ఆపింది. "శానా మంచి పని చేసింది" అంది.

ఆరు నెలలకు నేను పెద్దమనిషినయ్యాను. ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్ల చదువు అక్కడికి సరి. నీళ్లు పోసి మూలనుంచి లేపిన రోజే నాయన, "ఇంక బడి చాల్లే" అన్నాడు.

ఎన్నడూ ఆయన మాటకు అడ్డం రాని అమ్మ గడప మీద నిలబడింది. "ఆ పుస్తకంలో పాప పోలేదా బడికి? అచ్చేసినోళ్లు అబద్ధం చెప్తారా?"

అబద్ధం చెప్పింది అచ్చేసినవాళ్లు కాదు.

"యాడుంది ఆ పుస్తకం? తీసకరా" అన్నాడు నాయన.

తెచ్చిచ్చాను. ఆయన చివరి కాగితం రెండుసార్లు చదివాడు. తలెత్తి నా వైపు చూశాడు. ఇక వీపు పగులుతుందనుకున్నాను. తర్వాత అమ్మ వైపు చూశాడు. ఆమె గడప మీదనుంచి కదల్లేదు.

"పోయిందిలే. అట్లే ఉంది ఇందులో" అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. మరునాడు బడికి బయల్దేరుతూ పుస్తకం తెరిచి చూశాను. చివరి కాగితం లేదు.