మూడు ప్రశ్నల ప్రిమో

"నువ్వు మందులమ్మేవాడివా, పోలీసువా?"

కిక్కిరిసిన జీపులో, పొట్ట రెండు చేతులా పట్టుకుని, ఒక బియ్యం వ్యాపారి నోంగ్ ప్రిమోను అడిగిన ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు. పాపం ఆ మనిషి పొద్దున్నే ఎవరింట్లోనో పంది మాంసం అతిగా తిన్నాడు. ఎదురుగా అరుగుదల మాత్రల సంచీ ఒళ్ళో పెట్టుకున్న మనిషి కనిపించేసరికి దేవుడే కూర్చున్నాడనుకున్నాడు. దేవుడు మాత్ర ఇవ్వలేదు. మూడు ప్రశ్నలు వేశాడు.

"ఇప్పుడేమేం మందులు మింగుతున్నావు? నీకు ఏది పడదు? త్వరలో ఎవరైనా నిన్ను కొయ్యబోతున్నారా?"

మేమంతా నోంగ్, అంటే పెద్దన్న, అని పిలిచే ప్రిమితీవో పక్తురన్ అనే ఈ మహానుభావుడి గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే. మా బుకిద్నోన్ కొండల్లో పదిహేనేళ్ళుగా మాత్రలు అమ్ముతూ, అమ్మకపోవడంలో ఆయనంత ఆరితేరినవాడు ఇంకొకడు లేడు. వ్యాపారి మూడో ప్రశ్న ఆపరేషన్ గురించని తెలియక కంగారుపడి తన ఊరు రాకముందే దిగిపోయాడు. నడిచి వెళ్ళాడు. నడకకి పొట్ట తగ్గిందని తర్వాత తెలిసింది. నోంగ్ ప్రిమో దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

మా వైపు అనాస కోసేశాక చేలో మొద్దులు మిగులుతాయి. ఆ మొద్దులను మా సహకార సంఘం పిండి, రసాన్ని పట్నానికి పంపితే, అక్కడ దాన్నుంచి ఎంజైమ్ పొడి తీసి గొట్టం మాత్రల్లో నింపి సీసాలకెత్తి పంపుతారు. ఆ సీసాలు అమ్మిపెట్టే పని నోంగ్ ప్రిమోది. సీసాతో వచ్చే కాగితం మీద చీమల్లాంటి అక్షరాలుంటాయి చూడండి, వాటిని చివరిదాకా చదివిన మగవాడు మా జిల్లాలో ఆయనొక్కడే. అదే మా కొంప ముంచింది.

ఆయన దగ్గర ఒక ప్రదర్శన కూడా ఉండేది. గాజు గ్లాసులో గేదె మాంసం ముక్క వేసి, నీళ్ళు పోసి, ఒక మాత్ర విప్పి పొడి చల్లేవాడు. కాసేపటికి ముక్క గంజిలా తయారయ్యేది.

"చూశారా! మాంసాన్ని ఎలా విడగొడుతుందో!"

చూసేవాళ్ళు గ్లాసును చూసి, తమ పొట్టను చూసుకుని, మెల్లగా లేచి వెళ్ళిపోయేవారు. "మన పొట్ట కూడా మాంసమేగా నోంగ్?" అని ఒకామె అడిగితే, "మంచి ప్రశ్న. పొట్టకి తన జాగ్రత్త తనకుంది. నీకు పుండు ఉందా? ఉంటే మాత్రం వద్దు" అన్నాడు. ఆమెకి పుండు లేదు. కొనలేదు కూడా.

సంఘం వాళ్ళు అమ్మకాలు పెంచమని నన్ను కరపత్రం రాయమన్నారు. విశ్వవిద్యాలయంలో చదివినవాణ్ణి కదా, అబద్ధాలకు పద్ధతి వచ్చు. మోకాళ్ళు, నడుము, గుండె, మనోవ్యాధి అన్నీ తగ్గుతాయని నాలుగు పేజీలు రాశాను. నోంగ్ ప్రిమో ఎర్ర పెన్సిల్‌తో కూర్చున్నాడు.

"ప్రొఫెసరూ, మనోవ్యాధి ఎక్కడ తగ్గింది?"

"పొట్ట బాగుంటే మనసు బాగుంటుంది నోంగ్."

"పొట్ట బాగున్నవాళ్ళని నేను చూశాను. దెబ్బలాడుకుంటూనే ఉన్నారు."

సాయంత్రానికి నాలుగు పేజీల్లో నాలుగు వాక్యాలు మిగిలాయి. 'బరువుగా తిన్నప్పుడు భోజనంతోపాటు ఒకటి. వాపుకోసమైతే డాక్టరు చెప్పినట్టు, ఖాళీ కడుపున. గర్భిణులూ, అనాస పడనివాళ్ళూ ముట్టుకోవద్దు. ఎక్కువ మింగితే ఎక్కువ మేలు జరగదు, ఎక్కువ విరేచనాలు జరుగుతాయి.' ఆ నాలుగో వాక్యం వ్యాపార చరిత్రలో నిలిచిపోవాలి.

ఇక పండగ సంగతి. మా ఊరి దేవుడి పండగకి ఏటా ఒక ఎర్మానా ఉంటుంది. ఖర్చూ, పందీ, బల్లలూ, పేరూ అన్నీ ఆవిడవే. ఆవిడ నోట పడని వంటకం అతిథి పళ్ళెంలో పడకూడదు, అది ఆచారం. మేం నాంగ్, అంటే అక్క, అనే పెత్రొనీలా ఆ పదవికోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూసి చివరికి దక్కించుకుంది. ఆవిడ చేతి గరిటె ఎప్పుడు జారుతుందా, ఎప్పుడు పట్టుకుందామా అని ఆడపడుచు ఎస్కొలాస్తికా కూడా తొమ్మిదేళ్ళూ ఎదురుచూసింది. ఆ ఏడాది పెత్రొనీలాకి ఆయాసం వస్తోందని ఎస్కొలాస్తికా ఊళ్ళో అప్పుడే రెండుసార్లు అనేసింది. "పాపం, కూర్చోబెట్టాలి వదినని. గరిటె నేను పట్టుకుంటాలే."

పెత్రొనీలా కూర్చునే రకం కాదు. కొత్తగా ఏదైనా చెయ్యాలని, తన బల్ల దగ్గర తిన్నవాడెవడూ పొట్ట పట్టుకోకూడదని, అరువు మీద ఆరు సీసాలు తెప్పించింది. పంది పక్కన, పూలదండ వేసి మరీ పెట్టించింది.

సీసాలతోపాటు నోంగ్ ప్రిమో కూడా వచ్చాడు. వచ్చి బల్ల చివర కుర్చీ వేసుకున్నాడు. అంతే, పండగ కాస్తా ఆసుపత్రి అయిపోయింది.

"నీకు?"

"మంగళవారం పన్ను పీకించుకుంటున్నా నోంగ్."

"రెండు వారాలు ముందే ఆపాల్సిన మాత్ర ఇది, నీకు నాలుగు రోజులే ఉన్నాయి. రక్తం ఆగదు. పో. నీకు?"

"దగ్గుకి అమాక్సిసిలిన్ వేసుకుంటున్నా."

"ఇది దాన్ని ఒంట్లోకి ఎక్కువగా తోస్తుంది. డాక్టర్ని అడిగి రా. పాద్రే, మీకు?"

మా పాదిరి గారు మూడు పళ్ళేలు ఖాళీ చేసి ఉన్నారు. "ప్రిమో, పాపాలు ఒప్పించేటప్పుడు నేను కూడా ఇన్ని అడగను."

"అందుకే మీ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తారు పాద్రే. మిమ్మల్ని ఎవరైనా కొయ్యబోతున్నారా?"

"ఇంకాసేపు ఇలాగే అడిగితే నేనే నిన్ను కోస్తాను!"

జనం పడీ పడీ నవ్వుతున్నారు. తర్వాత ఎవరి వంతు వచ్చినా, ఆయన నోరు తెరవకముందే బల్ల బల్లంతా కోరస్‌గా "ఏం మింగుతున్నావు! ఏది పడదు! ఎవరు కోస్తున్నారు!" అనడం మొదలెట్టింది. పెత్రొనీలా మొహం మాత్రం ఎర్రబడింది. తొమ్మిదేళ్ళ కల ఈ ముసలాడి చేతిలో నవ్వులపాలవుతోంది.

అప్పుడు ఎస్కొలాస్తికా తీయగా అంది. "అదేమిటి వదినా, ఎర్మానా ముందు మింగాలిగా? ఆచారం ఆచారమే. లేకపోతే మాత్రలు పడనంత ఒంట్లో బాగాలేదా ఏమిటి?"

పెత్రొనీలా లేచి, నడుము సర్దుకుని, చెయ్యి చాపింది. "ఇటివ్వు నోంగ్."

జనమంతా కోరస్‌కి ఊపిరి బిగబట్టారు. నోంగ్ ప్రిమో సీసా మూత తిప్పాడు. ఆవిడ వైపు చూశాడు. మూత మళ్ళీ బిగించాడు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆయన ప్రశ్న వెయ్యలేదు.

"ముందు డబ్బు" అన్నాడు.

"ఏమిటీ?"

"ఆరు సీసాలు. రెండు వేల నూరు పెసోలు. బాకీ ఉన్నవాళ్ళకి నా చేత్తో మాత్ర ఇవ్వను. అది నా ఆచారం."

"పండగపూట, నా బల్ల దగ్గర!"

"పండగైతే ఏం? బాకీ బాకీయే నాంగ్."

ఊరంతా ఒక్కసారి 'ఓ' అంది. ఆ వెంటనే పాదిరి గారు బల్ల చరిచి నవ్వారు. పండగకి బాకీ పడని ఎర్మానా మా ఊళ్ళో పుట్టలేదు, కాబట్టి పెత్రొనీలా పరువుకి వచ్చిన లోటేమీ లేదు. చెడ్డపేరంతా ప్రిమోకే వచ్చింది. "పిసినారి!" అన్నారు. "ముసలి జలగ!" అన్నారు. ఎస్కొలాస్తికా కూడా, పరువు ఇంటిదే గనుక, వదిన పక్షానే నిలబడి ఆయన్ని నాలుగు తిట్టాల్సి వచ్చింది. పెత్రొనీలా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్క క్షణం ఆయన వైపు అదోలా చూసి, గరిటె అందుకుని చీకటిపడేదాకా వడ్డించింది.

మర్నాడు ఆవిడ నన్ను పిలిచి బాకీ డబ్బున్న కవరు చేతిలో పెట్టింది. "తీసుకోడు. అయినా ఇచ్చి చూడు."

నేను వెళ్ళేసరికి నోంగ్ ప్రిమో ప్రదర్శన గ్లాసు కడుక్కుంటున్నాడు. కవరు చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"నిన్న అందరి ముందూ అడిగావుగా నోంగ్!"

"నిన్న అడిగాను. ఇవాళ అడగట్లేదు."

"సిగ్గులేదూ?"

"ఉంది. కానీ ఇది తీరిపోతే వచ్చే పండక్కి నేనేం చెప్పాలి ప్రొఫెసరూ?"

బుర్ర చెడిందనుకుని కవరు తిరిగి తెచ్చాను. ఆయనన్న మాట చెబితే పెత్రొనీలా గుమ్మం పట్టుకుని నవ్వింది. తర్వాత దేవుడి బొమ్మ వెనకనుంచి చిన్న పుస్తకం తీసి చూపించింది. లోపల తేదీలు, అంకెలు. గుండె కవాటం పాడయ్యాక రక్తం పలచన చేసే మాత్ర వేసుకుంటోంది. నెలనెలా మొదటి సోమవారం పట్నం ఆసుపత్రిలో రక్తపరీక్ష. ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"నోంగ్ ప్రిమోకి తెలుసా?"

"ఆ ఆసుపత్రి మందులకొట్టుకి సీసాలు వెయ్యడానికి అదే రోజు వస్తాడు. ఈ మాత్రలవాళ్ళు రక్తమిచ్చే వరసలో నన్ను చూశాడు. చూసి గోడవైపు తిరిగి, బొద్దింకల మందు ప్రకటన చదవడం మొదలెట్టాడు. నా వంతు వచ్చేదాకా చదివాడు నాయనా. దాని మీద నాలుగే మాటలున్నాయి."

"మరి ఆ మాత్ర నీకు పనికిరాదని…"

"నాకేం తెలుసు? అనాసే కదా అనుకున్నా. రెండూ కలిస్తే ఎక్కడినుంచి రక్తం కారుతుందో చెప్పలేమట. తెల్లారగానే డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయనా అదే తిట్టాడు. నోంగ్ ప్రిమో ఏం మింగుతున్నావని అడిగి ఉంటే, ఆ ఎస్కొలాస్తికా ముందు ఏమీ లేదనేదాన్ని. అని, మింగేదాన్ని. ఆ సంగతి ఆయనకి తెలుసు."

"ఇది రాయొచ్చా నాంగ్?"

"రాసుకో. ఎస్కొలాస్తికా పుస్తకాలు చదవదు."

అది జరిగి నాలుగేళ్ళయింది. ఆ సీసాల ముచ్చట మాత్రం ఆచారంలో చేరిపోయింది. ఏ ఎర్మానా బల్లయినా పంది పక్కన సీసాలుంటాయి, బల్ల చివర నోంగ్ ప్రిమో ఉంటాడు. ఊరంతా మూడు ప్రశ్నల కోరస్ పాడుతుంది. పెత్రొనీలా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన మూత బిగించి, "ముందు పాత బాకీ" అంటాడు. ఆవిడ చేతులు తిప్పుకుంటూ ఆయన్ని తిట్టాల్సినవన్నీ తిడుతుంది. ఏటా తిట్లు కొత్తవి.

ఆరు సీసాల తాలూకు రెండు వేల నూరు పెసోలు ఇవాళ్టికీ బాకీగానే ఉన్నాయి.