రెండెరుపుల లుంగీ

ఆదివారం పనికి సెలవు. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో వైరింగు చేసుకునే ధనంజయను సోలార్ దీపాల స్తంభాలు నాటడానికి కాంట్రాక్టరు పులికాట్ సరస్సు దీవులకు పంపాడు. తోటివాళ్లంతా గుడారంలో పేకాటకు కూర్చున్నారు. ధనంజయ మాత్రం లుంగీ ఎగ్గట్టి, అక్కడి జాలరి నారాయణ తెరచాప పడవ ఎక్కాడు.

"యాడికన్నా?" అన్నాడు నారాయణ.

"ఈ చుట్టుపక్కల ఎన్ని పల్లెలుంటే అన్నీ చూపించప్పా."

"పల్లెలా? ఒకదాంట్లో ఏడిండ్లు, ఒకదాంట్లో నాలుగు. ఇంగొకదాంట్లో ఒక ఇల్లు, రెండు మేకలు."

"ఆ మేకల్ని గూడా చూస్తా పద."

ఈ పల్లెల గురించి ధనంజయ చిన్నప్పుడే విన్నాడు. వాళ్ల నాయన పరంధామయ్య నగరిలో చేతిమగ్గం మీద లుంగీలు నేసేవాడు. ఆయన కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఆకుపచ్చ చార రావలసిన చోట ఎర్రదారం తోసేసేవాడు. దాంతో గళ్ల లుంగీలో రెండు ఎర్రచారలు కవలపిల్లల్లా పక్కపక్కన కూర్చునేవి. నగరి వ్యాపారులు వాటిని ముట్టేవాళ్లు కాదు. అందుకని ఆయన ఆ తప్పు లుంగీలన్నీ మూటగట్టి, రైలెక్కి, బస్సెక్కి, పడవెక్కి దీవులకు పోయేవాడు. వారం తర్వాత ఖాళీ మూటలో ఎండుచేపలతో, నోటి నిండా కబుర్లతో తిరిగొచ్చేవాడు. అక్కడి కొంగలు ఎంత పొడుగంటే, తల మబ్బుల్లో తడుస్తుందట, కాళ్లు నీళ్లలో తడుస్తాయట, ఒక్క పొట్ట మాత్రమే పొడిగా ఉంటుందట. అక్కడి కుక్కలు అలలను తరుముకుంటూ పోయి, అలిసిపోయి, పడవ అడిగి ఎక్కి ఇంటికొస్తాయట. ఇంట్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అయినా మళ్లీ చెప్పమనేవాళ్లు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మహాలయ అమావాస్యకు పెద్దలకు బట్టలు పెట్టే ప్రతిసారీ అమ్మ కుప్పమ్మ గొణుగుతుంది. "బతికినన్నాళ్లూ నేసినోడికి మిల్లు లుంగీ పెడతా ఉండాము. ఆయన చేతిది ఒకటన్నా మిగల్లేదే."

తప్పు పడిన లుంగీని ఎవరు దాచుకుంటారు? అమావాస్య దగ్గరపడింది. చిరిగినదైనా సరే, ఒక్కటి దొరికితే చాలని ధనంజయ పడవెక్కాడు.

ఏడిళ్ల పల్లెలో వలలు, టీవీ డిష్షులు తప్ప ఏమీ కనిపించలేదు. నాలుగిళ్ల పల్లెలో ఒక తాతకు మూటాయన గుర్తున్నాడు కానీ లుంగీ మిగల్లేదు. "కొంగల సంగతి మేము చెప్పిందే. పొట్ట పొడిగా ఉంటాదనేది ఆయన కలిపినాడు," అన్నాడు తాత.

మూడో దీవిలో ఒంటిల్లు రంగనాయకమ్మ అనే ముసలామెది. ధనంజయ గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. రంగు వెలిసిన గళ్ల లుంగీ. పక్కపక్కన రెండు ఎర్రచారలు. అందులో ఆమె మనవరాలి బిడ్డ నిద్రపోతోంది.

"అవ్వా, ఇది మా నాయన నేసింది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మూటాయన కొడుకువా? ఆయన మాదిరి లేవే. ఆయన కూసోకముందే అబద్ధం మొదలుపెట్టేటోడు."

"నాకా విద్య అబ్బలేదవ్వా. పెద్దలకు మిల్లుది గాక ఆయన నేసిందే పెట్టాల, ఇది నాకిస్తావా?"

"ఇస్తే బిడ్డను యాడ పండబెట్టేది? మా ఇంట్లో ముగ్గురు దీంట్లోనే పెరిగినారు. నగరి లుంగీ అంటే రెండెరుపులుండాల. తక్కినయ్యన్నీ దొంగసరుకు."

ధనంజయకు నవ్వొచ్చింది. ఊళ్లో ఎవరికీ పనికిరాని నాయన తప్పు ఇక్కడ అసలు సరుక్కి గుర్తయింది. ఇంతలో బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. అవ్వ ఊపితే మళ్లీ కళ్లు మూసుకుంది.

"వద్దులేవ్వా. బిడ్డను పండుకోనీ," అని లేచాడు.

"ఉండబ్బా. మిల్లుగుడ్డ పెడితే ఆయన నా కల్లోకొచ్చి చెప్పుకుంటాడు. ఆయన నోరు తెరిస్తే తెల్లారిపోతాది. నీ నడుముకుండేది గట్టిదేనా?"

"కొత్తదే అవ్వా."

"అయితే ఇప్పు."

నారాయణ పొట్ట పట్టుకుని నవ్వాడు. బిడ్డను ఎత్తుకుని అవ్వ ఉయ్యాల విప్పింది. ధనంజయ గోడచాటుకు పోయి మార్చుకొచ్చాడు. బిడ్డ కొత్త ఉయ్యాలలో కాసేపు పేచీ పెట్టి నిద్రలోకి జారింది.

గుడారం దగ్గర తోటివాళ్లు చూసి, "ఏం మామా, ఎవురి దుప్పటి ఎత్తుకొచ్చినావు?" అన్నారు. అతను నవ్వేసి ముందుకు నడిచాడు. సిగ్నలు దొరికే గట్టు మీదికి పోయి అమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నాయన లుంగీ దొరికింది. రెండెరుపులుండాయి."

అవతల పక్కింటి పవర్‌లూమ్ చప్పుడు దూరమైంది, అమ్మ ఫోనుతో పెరట్లోకి పోయినట్టుంది.

"వాసన ఎట్లుండాది?"

"ఉప్పువాసన. కొంచెం పాలవాసన."

"ఉతకాకురా," అంది కుప్పమ్మ. "అట్లనే తీసకరా."