సగమే తుడిచిన రైఫిల్

ఎల్లారెడ్డి ఊర్ల బజారు చివర తుపాకులు బాగుచేసే ముసలి మిస్త్రీ ఒకాయన ఉండేటోడు. నేను అప్పుడు ఒక దొర జొన్నచేనుకు కావలి. చిలుకలను కొట్టడానికి దొర ఇచ్చిన చిన్న రైఫిల్ పేలేది గానీ, బోల్టు వెనక్కి గుంజితే ఖాళీ తూటా బయటికి రాకపోయేది.

తూటాను గుంజే గోరు అరిగింది, కొత్తది వెయ్యమన్న. ఆయన చువ్వతో రైఫిల్ గొట్టం ముందునుంచి తట్టి ఖాళీ తూటాను తీసిండు. దాని అంచు మీద చూపుడువేలు మెల్లగ తిప్పిండు. ఎప్పుడు పోయినా మొదలు గదే చేసేటోడు.

"గోరు మంచిగనే ఉన్నది తమ్మీ. లోపల మసి పేరుకొని తూటా అతుక్కున్నది."

గుడ్డపేలికను గ్యాసునూనెల ముంచి నిదానంగ తుడిచిండు. నడుమ రెండుసార్లు చాయ్ కాచిండు. ఆ ఇంట్ల ఆయన తప్ప ఎవలు లేరు. నేను లేవంగనే "మల్లొస్తవు గదా" అన్నడు.

నెల తిరగకముందే రైఫిల్ మల్ల పట్టేసేది. మల్ల పోయేటోన్ని. ఒకసారి కామారెడ్డిల ఇంకో తుపాకుల పనోనికి చూపిస్తే, "ఎవలో సగమే తుడిచి ఇడిసిపెట్టిండ్రు" అని పూరాగ తుడిచిచ్చిండు. ఆ పంటకాలమంత రైఫిల్ మొరాయించలేదు.

సగమే ఎందుకు తుడిచినవని అడుగుదామని కోపంతోని ఎల్లారెడ్డి పోయిన. ఆయన నన్ను చూసి లేచి, రెండో పీట మీది దుమ్ము దులిపి వేసిండు.

"మల్ల పట్టేస్తున్నది" అని రైఫిల్ ఇచ్చిన.

ఆయన తన జేబులున్న ఖాళీ తూటాను అందుల పెట్టి బోల్టు గుంజిండు. అది ఎక్కడా పట్టకుంట ఎగిరి నా కాళ్లకాడ పడ్డది. దాన్ని ఏరుకొని, అంచు మీద చానాసేపు వేలు తిప్పిండు.

"పొద్దుగూకేదాక పడతది. కూసో" అన్నడు.