బయటి రక్తం

నేను మా మేనమామ కొడుకునే చేసుకున్నాను. “బయటి రక్తం కాదు, మన రక్తమే. ఇంక భయమేముంది?” అని మా అమ్మ మా వెంకటాచలం ఊరంతా చెప్పుకుంది. నాకేమో చిన్నప్పటి నుంచీ రక్తం తక్కువ. నేను మింగని ఐరన్ మాత్ర లేదు.

కడుపుతో నెల్లూరు వెళితే, డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. ఐరన్ బాగానే ఉందట. ఒకే జన్యువు నాకు రెండు రకాలుగా వచ్చిందట. అమ్మానాన్నల్లో ఒకరి నుంచి మంచిది, ఇంకొకరి నుంచి తలసీమియా అనే రక్తపు జబ్బుది. నా రక్తం తక్కువకు కారణం అదేనట. “మంచిది ఒకటుంది కాబట్టి నీకేం కాదు. మీ ఆయనకూ ఇట్లాగే ఉంటే బిడ్డకు రెండూ చెడ్డవే రావచ్చు. అప్పుడు నెలనెలా రక్తం ఎక్కించాల్సిందే” అంది.

మా బావ కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తాడు. “దున్నపోతులాగుండా, నాకేంది పరీక్ష?” అని నాలుగు రోజులు తప్పించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఐదో రోజు కంపెనీ బస్సు ఎక్కబోతుంటే చొక్కా పట్టుకుని ఆపాను. “బిడ్డ నీది కాదా?” అన్నాను, బస్సంతా వింటుండగానే. తల దించుకుని నా వెంట వచ్చాడు.

అతనికీ ఉంది.

బిడ్డకేం వచ్చిందో చూడటానికి నా కడుపులోని మావిలోంచి చిన్న ముక్క తీసి చెన్నై పంపారు. ఆ పది రోజులూ కడుపు మీద చెయ్యి వేసుకోవడానికే భయపడ్డాను. ఇష్టం పెంచుకున్నాక వద్దనుకోవాల్సి వస్తే? బావా నేనూ అన్నం ముందు కూర్చుని, కెలికి, లేచిపోయేవాళ్లం.

పదకొండో రోజు డాక్టరమ్మ ఫోన్ చేసింది. “బిడ్డకూ నీలాగే. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది.” ఫోన్ పెట్టేయకుండానే భోరుమన్నాను. చెడ్డది ఒక్కటే ఉందని అంత సంతోషపడతానని ఎప్పుడైనా అనుకున్నానా!

ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లో ఉయ్యాల వేసిన రోజు, అమ్మ పాపను ఎత్తుకుని మా అన్నతో అంది: “ఇదిగోరా, నీ కొడుక్కు పెళ్లాం వచ్చేసింది! మన రక్తమే!”

అందరూ నవ్వారు. నేను పాపను లాక్కున్నాను.

“నాకూ బావకూ ఆ చెడ్డది వచ్చింది మన రక్తంలోంచే గదా! ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ గడప తొక్కనమ్మా!”

అమ్మ మంచం మీద కూలబడింది. మెల్లగా అడిగింది.

“నేను కూడా జన్మంతా ఆ ఐరన్ మాత్రలే గదా మింగింది. అయితే ఆ చెడ్డది నీకు ఇచ్చినదాన్ని నేనేనా మే?”

పాపను మళ్లీ ఆమె ఒళ్లోనే పెట్టాను.