సింగ్రాయ్ రాసిన కుందేలు కేసు

కుందరు అటవీ రేంజి ఆఫీసులో ఇరవై ఆరేళ్లు జీపు నడిపాను, డ్రైవర్ మహతో అంటే నేనే. ఆ జీపులో తొమ్మిదిమంది రేంజర్లు కూర్చున్నారు. వాళ్లలో ఒక్కడి మొహం కూడా నాకిప్పుడు సరిగ్గా గుర్తు లేదు. గార్డు సింగ్రాయ్ టుడు మాత్రం కళ్లముందే ఉన్నాడు. మొన్న టీ కొట్టు దగ్గర ఒకడు వాణ్ణి, ఉద్యోగం కోసం సొంత చిన్నాన్నని రెండుసార్లు జైలుకు పంపిన కసాయి వాడు అంటే నాకు ఒళ్లు మండింది. రెండుసార్లు పంపిన మాట నిజమే. రెండోసారి సంగతి తెలియనివాడు నోరు మూసుకుని టీ తాగాలి.

సింగ్రాయ్‌ది సర్జోమ్‌డీ, కొండ పాదాన నలభై గడపల సంతాల్ ఊరు. పదేళ్లప్పటి నుంచే తండ్రి సుర్జుతో, చిన్నాన్న భాదోతో వైశాఖం వేటకు వెళ్లేవాడు. భాదోకి పిల్లల్లేరు. ఉన్న విద్యంతా అన్న కొడుక్కే ధారపోశాడు. గాలి ఎటుందో చూడటం, పెంటికలు వేళ్లతో నలిపి అది నిన్నటిదో మొన్నటిదో చెప్పడం, అన్నీ ఆయన దగ్గర నేర్చినవే. ఆ విద్య చూసే మావాళ్లు వాడికి గార్డు ఉద్యోగం ఇచ్చారు.

ఖాకీ బట్టలు వేసుకున్నాక మనసు మారిందని ఊళ్లో అనేవాళ్లు. బట్టల వల్ల కాదు. వాడు లెక్కపెట్టాడు. చిన్నప్పుడు ఒక్క పూటలో చూసినన్ని కొండగొర్రెల్ని ఎనిమిదేళ్ల ఉద్యోగంలో చూడలేదు. మొత్తం పదకొండు. పైగా వేట జనంలో కలిసిపోయి టాటా పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్లు తయారయ్యారు. బైకు క్లచ్చి తీగలతో ఉచ్చులు పన్నడం, మాంసం పట్నంలో అమ్ముకోవడం వాళ్ల పని. విల్లు పట్టని వెధవలు కూడా వేటగాళ్లే అయిపోయారని సింగ్రాయ్ పళ్లు నూరేవాడు.

భాదో వాదన భాదోకి ఉంది. కొండ వెనక రాతి క్వారీలో రోజూ మందు పేలుస్తారు, ఆ చప్పుడుకు ఈనిన జంతువు పిల్లని వదిలి పారిపోతుంది, అది నేరం కాదు గానీ ఏడాదికొకసారి మేము విల్లు ఎత్తితే నేరమా అనేవాడు. ఒకసారి రైలు గుద్ది మూడు ఏనుగులు చచ్చాయి. ఆ వారం సంతలో నలుగురి ముందూ సింగ్రాయ్‌ని నిలేశాడు.

"రైలు మీద కేసు రాశావురా? రాయలేదు కదూ. దానికి చేతులుంటే బేడీలేసేవాడివే, పాపం."

అందరూ నవ్వారు. సింగ్రాయ్ కూడా నవ్వాడు. అప్పటికింకా ఇద్దరి మధ్యా మాటలున్నాయి.

ఆ మరుసటి వేటలో భాదో ఒక ఆడ కొండగొర్రెను కొట్టాడు. వాగులో దాన్ని భుజాన వేసుకుని వస్తుంటే మేమిద్దరం ఎదురుపడ్డాం. ముసలాయన పారిపోలేదు, దాచలేదు. వదిలెయ్యరా, నేను కళ్లు మూసుకుంటాను అన్నాను సింగ్రాయ్‌తో. వాడు వదల్లేదు. కాగితం రాశాడు. భాదో నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు.

ఊరు సింగ్రాయ్ ఇంటిని వెలేసింది. నిప్పు లేదు, నీళ్లు లేవు, పండగకు పిలుపు లేదు. కొడుకుతోనే ఉన్న నేరానికి తండ్రి సుర్జుకీ అదే శిక్ష. రెండేళ్లు అలా గడిచాక, వర్షాకాలంలో సుర్జు చనిపోయాడు. పాడె మోయడానికి ఊళ్లోంచి ఒక్కడూ రాలేదు. నేను, వాడి బావమరిది, వాడు. నాలుగో భుజం లేదు. వాడి పెళ్లాం సలగే వచ్చి నాలుగో కొమ్ము పట్టుకుంది. ఆడవాళ్లు మోయకూడదని ఎవరైనా అంటారేమోనని దారి పొడుగునా చూశాను. అనడానికైనా ఎవరూ లేరు.

దహనం ముగ్గురు చేసినా అవుతుంది. భాండాన్ అలా కాదు. చివరి కర్మకు ఊరంతా వచ్చి కూర్చోవాలి, విస్తళ్లలో తినాలి, అప్పుడే పోయినవాడు పెద్దల్లో కలుస్తాడు. అందాకా సుర్జు ఇంటివాడూ కాదు, పెద్దా కాదు. ఎముకలు కొత్త కుండలో పెట్టి పెరట్లో చెట్టుకు కట్టారు. సింగ్రాయ్ రోజూ డ్యూటీకి వచ్చేముందు ఆ కుండ కింద నిలబడేవాడు. వెలి ఎత్తమని ఊరిపెద్ద మాంఝీని అడిగితే తనవల్ల కాదన్నాడు. పన్నెండూళ్ల పరగణా పెద్ద కూడా చేతులెత్తేశాడు. ఇక మిగిలింది వేటసభ. వేట రోజు సాయంత్రం కొండ మీద కూర్చునే ఆ సభను మించిన కోర్టు సంతాల్‌లకు లేదు. కానీ వేట పడితేనే సభ. ఒక్క జంతువైనా పడకపోతే దిహరి, అంటే వేట పూజారి, సభకు ఆసనం వెయ్యడు.

ఆ వేటను ఆపడమే మావాడి ఉద్యోగం. వాడి బతుక్కి ఇంతకంటే తిరకాసు ఏం కావాలి?

ఆ ఏడు కొత్త రేంజర్ వచ్చాడు. పట్టుదల మనిషి. ఈసారి వేట సున్నా కావాలన్నాడు. కుర్రాళ్లు కొండెక్కకుండా వేట రోజే ఫుట్‌బాల్ పోటీ పెట్టించాడు, గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. జంతువుల్ని చంపొద్దని మేకపోతును పంచిపెట్టిన మహామేధావి.

అయినా తెల్లారేసరికి కొండ కింద నూట యాభై మంది దాకా చేరారు. వలలూ తీగలూ సింగ్రాయ్ లాక్కున్నాడు. విల్లులూ డప్పులూ ముట్టుకోలేదు. వాడూ నేనూ వెనకాలే కొండెక్కాం. మధ్యాహ్నం దాటింది. డప్పుల మోత తప్ప ఏమీ లేదు. దిహరి జోబా హేంబ్రమ్ రాతి మీద కూర్చుని, ఇంకో గంట చూసి కిందికి దిగిపోదాం అన్నాడు. సింగ్రాయ్ నా పక్కకు వచ్చి, ఏదైనా పడితే బాగుండునని మొక్కుకున్నాను, మహతో, నా మొహాన ఉమ్మెయ్యి అన్నాడు. నేను ఉమ్మలేదు. నేనూ అదే మొక్కుకుంటున్నాను.

ఆ గంట తీరకముందే పొదల్లోంచి కేక వినిపించింది. భాదో వచ్చాడు. చేతిలో కుందేలు, దాని పక్కలో బాణం అలాగే ఉంది. తిన్నగా వచ్చి దాన్ని సింగ్రాయ్ బూట్ల ముందు పడేసి, దిహరి వైపు తిరిగి, ఆసనం వెయ్యవయ్యా అన్నాడు.

పొద్దు వాలుతుండగా సభ కూర్చుంది. మొదటి ఫిర్యాదు సింగ్రాయ్‌దే. మా నాన్న ఎముకలు తొమ్మిది నెలలుగా చెట్టుకు వేలాడుతున్నాయి, తప్పు నాదైతే నన్ను కొట్టండి, ఆయన్ని లోపలికి రానివ్వండి అన్నాడు. వినబడలేదంటే రెండోసారి చెప్పాడు. దిహరి భాదోని అడిగాడు, నీకు వీడితో తగువేంటి, జైలుకు పంపాడనా అని.

"జైలుదేముంది, తిండి పెట్టారు," అన్నాడు భాదో. "కోర్టులో వీడి కాగితం చదివారు. దొంగచాటుగా చంపాడు, పట్టుబడ్డాడు అని ఉంది. నేను పట్టపగలు, డప్పు కొట్టి, నలుగురి ముందు కొట్టాను. వీడు నా చేతుల్లో పెరిగాడు. వీడు నన్ను దొంగని రాశాడు."

నాకు ఆ కాగితం తెలుసు. అచ్చువేసిన ఫారం అది. అందులో ఆ మాటలే ఉంటాయి, పేరూ తేదీ రాస్తే చాలు. సింగ్రాయ్ ఆ సంగతి చెప్పుకోవచ్చు. చెప్పలేదు. తల దించుకుని, రాశాను, తప్పు చేశాను అన్నాడు.

సభ ఎంతోసేపు తర్కించలేదు. సింగ్రాయ్ చేత్తో ఇచ్చిన హండియా భాదో తాగితే వెలి పోయినట్టే, తాగకపోతే లేదు అని తేల్చారు. సలగే కాచి పంపిన బియ్యం కల్లు సింగ్రాయ్ ఆకుదొన్నెలో పోసి రెండు చేతులా చాపాడు. భాదో అందుకోలేదు. ఇవాళ కూడా కాగితం రాస్తావుగా, ముందు రాయి, విని తాగుతా అన్నాడు.

సింగ్రాయ్ దొన్నె పక్కన పెట్టి, సంచీలోంచి ఫారం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాడు. చదవమని నా చేతికిచ్చారు. కుందేలు ఒకటి, చంపినవాడు సింగ్రాయ్ టుడు, ఫారెస్టు గార్డు, అని ఉంది. అలాగే పైకి చదివాను. ఉద్యోగం పోతుంది, జైలూ తప్పదు. వాడికది తెలుసు.

భాదో లేచి నిలబడ్డాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఆ బాణం ఎవడిదిరా? నాది. కుందేలు ఎవడిది? నాది. ముప్పై అడుగుల నుంచి పరుగెత్తేదాన్ని కొట్టాను, ఈ వయసులో. మొన్న నన్ను దొంగని చేశావు, ఇవాళ నువ్వే నా వేట దొంగిలిస్తావా? కొట్టేసి నా పేరు రాయి."

వేటసభలో ఒకరి వేటను తనదని చెప్పుకోవడం కంటే నీచం లేదు. సింగ్రాయ్‌కి అది తట్టనే లేదు, ప్రేమ కొద్దీ మతి పోయింది. ఇంకో ఫారం తీశాడు. అచ్చు మాటల మీద అడ్డంగా గీత కొట్టి పక్కన చేత్తో రాశాడు. నేను చదివాను. "సర్జోమ్‌డీ భాదో టుడు, తాతలనాటి వేటలో, పట్టపగలు, అందరి ముందు, ఒక్క బాణంతో ఒక కుందేలును కొట్టాడు. అడవి చట్టం ప్రకారం ఇది నేరం." ఆ చివరి మాట కొట్టెయ్యమని ఎవరో అన్నారు. సింగ్రాయ్ కొట్టెయ్యనన్నాడు. భాదో కూడా, అది ఉండనీ, వాడి వాదన వాడిది అన్నాడు. అని దొన్నె అందుకుని అడుగు కనబడేదాకా తాగాడు.

కథ ఇక్కడ అయిపోవలసింది. మా రేంజర్ కానివ్వలేదు. అప్పటికే పేపరువాళ్లకు సున్నా అని చెప్పేశాడట. సింగ్రాయ్ రాసిన కాగితాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు. మర్నాడు పేపర్లో, ఈసారి కొండ మీద ఒక్క ప్రాణీ పోలేదని వచ్చింది. ఆ ముక్క సర్జోమ్‌డీ చేరింది. వేట పడలేదని సర్కారే చెబుతుంటే సభ ఎక్కడిది, తీర్పు ఎక్కడిది అని మొదలుపెట్టారు సింగ్రాయ్ అంటే గిట్టనివాళ్లు. భాండాన్‌కు పిలిస్తే రామన్నారు.

ఆ మరుసటి రోజు పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద భాదో. ఒళ్లో కుందేలు తోలు. నా కేసేదీ అన్నాడు. రేంజర్ ముందు నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత తిట్టాడు. ముసలాయన కదల్లేదు. ఆఫీసుకు ఎవరొచ్చినా తోలు ఎత్తి చూపించి, నేను చంపాను, వీళ్లు ఒప్పుకోవడం లేదు అని చెప్పాడు. మే నెల ఎండ. ఆ తోలు కంపుకి ఆఫీసులో ఒక్కడికీ అన్నం సయించలేదు. అలా కూర్చున్న మూడో రోజు పేపరు కుర్రాడు వచ్చి ఫొటో తీసుకుంటే రేంజర్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. సొరుగు తాళం తీశాడు. వేట ఆపలేకపోయినందుకు సింగ్రాయ్‌కి మెమో ఇచ్చి, ముద్దాయిని కోర్టుకు తీసుకెళ్లే పని కూడా వాడికే అప్పగించాడు.

జీపు నేనే నడిపాను. వెనక సీట్లో ఇద్దరూ పక్కపక్కనే. సింగ్రాయ్ కిటికీ బయటికి చూస్తూ ఏడుస్తున్నాడు, ముక్కు ఎగబీల్చే చప్పుడు నాకు వినబడుతోంది. భాదో అదేం పట్టించుకోకుండా భాండాన్‌కు కావలసినవి చెప్పుకుపోతున్నాడు. విస్తళ్లు మూడొందలకు తగ్గకూడదట. కోడి ఎర్రది దొరికితే మంచిదట. హండియాకు బియ్యం పాతవి వాడమని సలగేకి చెప్పాలట, అన్నకు కొత్త బియ్యం కల్లు పడేది కాదట. ఎవరైనా రానంటే ఈ కేసు కాగితం నకలు చూపించమన్నాడు.

"ఎన్నాళ్లు వేస్తారో?" అని అడిగాడు చివర్లో.

తెలియదన్నాడు సింగ్రాయ్.

"ఎన్నాళ్లైనా సరే. నేను వచ్చేదాకా మొదలెట్టకు. మా అన్నకు మొదటి ముద్ద నేను పెట్టాలి."

సరేనన్నాడు వాడు. కోర్టుకు నలభై నిమిషాల దారి. ఆ రోజు నేను గంటన్నర నడిపాను.