ముక్కు పక్క సందు

నా చిన్నప్పుడు, ఒక వేసవి సెలవుల్లో, నేను కళ్లకు గంతలు కట్టుకుని పేపరు చదివేదాన్ని. ఉప్పల్‌లో మా గల్లీకి వచ్చిన ఒక శిక్షణ తరగతిలో నేర్పిన విద్య అది. పిల్లలకు మూడో కన్ను తెరిపిస్తామన్నారు. నాలుగో రోజున గంత కింద, ముక్కు పక్క సందులోంచి అక్షరాలు కనిపించాయి. ఆ మాటే సారుకు చెప్పాను. అదే మూడో కన్ను అన్నాడాయన.

నాకు నమ్మకం కలగలేదు. కానీ నాచారం మందుల ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి డబ్బాలు సర్ది వచ్చే మా అమ్మ, నేను చదువుతుంటే కూర్చోవడం కూడా మరిచిపోయేది. ఆ మొహం చూశాక నిజం నా నోట్లోనే ఉండిపోయింది.

చిక్కు తమ్ముడి వల్ల వచ్చింది. బడిలో బోర్డు కనబడడం లేదంటే దవాఖానాలో వాడికి అద్దాలు రాశారు. అమ్మ కొనలేదు.

ఆ ఆదివారం ఇంగ్లీషు టీచరైన మా మేనత్త వచ్చింది.

"నా బిడ్డ కండ్లు మూసుకొని సదువుతది. పిల్లగానికి గూడ గదే నేర్పిస్త. అద్దాలెందుకింక?" అంది అమ్మ.

ఇక నన్ను చదివి చూపించమంటుందనుకున్నాను. అత్త నన్ను చదవమనలేదు. గంత తీసుకుని అమ్మ కళ్లకే కట్టింది.

"ఏమన్న కనవడుతుందా వదినె?"

"ఏం కనవడుతది, అంత చీకటే."

"జర కిందికి సూడు."

అమ్మ చూపు కిందికి దించింది. "నా మట్టెలు."

అత్త ఆ మట్టెల మీదికి పేపరు జరిపింది. ఏ శిక్షణా లేని మా అమ్మ పెద్దక్షరాల వార్తను కూడబలుక్కుంటూ చదివి, మధ్యలోనే ఆపేసింది. గంత విప్పి నా వైపు చూసింది.

"నీకు ఎరుకేనా?"

నేను ఏడ్చేశాను.

"దాన్నేమనకు వదినె. తప్పు కట్టినోడిది," అంది అత్త.

సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని 'హుడ్‌వింక్' అనే ఇంగ్లీషు మాట నేర్పింది. హుడ్ అంటే తలముసుగు. వింక్ అంటే పాత వాడుకలో కళ్లు మూయడం. మొదట్లో అది అచ్చంగా ముసుగేసి కళ్లు కప్పడమేనట. మోసగించడమనే అర్థం తర్వాత వచ్చి చేరింది. మనం కళ్లకు గంతలు కట్టాడంటామే, అదే దారి.

"ఈ మాట రాస్తే ఇద్దరుంటరు కోడలా. కట్టేటోడు, కట్టిచ్చుకునేటోడు. ఎవరెవరో సూసి రాయి," అంది.

మర్నాడే తమ్ముడికి అద్దాలు వచ్చాయి. వాడు బస్సు నంబరు దూరం నుంచే చదివి అమ్మ చెయ్యి లాగాడు.

ఇన్నేళ్లుగా బూటకపు విద్యల మీద వేదికలెక్కి నిప్పులు కురిపిస్తూనే ఉన్నాను. గంతలు కట్టేవాడి మీద నాకు దయ లేదు. కానీ నమ్మి మోసపోయిన మనిషి ఎదురుగా కూర్చుంటే అమ్మ మట్టెలు గుర్తొస్తాయి. గొంతు దానంతటదే తగ్గుతుంది. జర కిందికి చూడమ్మా అని మాత్రం అంటాను.